మొదటి పది నిమిషాల అధికారం ఎవరిది? ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇరవై రెండేళ్లుగా కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతున్నవాడిని, అందులో ఆరేళ్లు హాస్టల్ వార్డెన్ బాధ్యత కూడా మోసినవాడిని. కళాశాల ప్రాంగణాల్లో ఆపద వచ్చినప్పుడు ఎదుర్కొనే ఏర్పాట్ల గురించి తమకు ఈ లేఖ రాస్తున్నాను. కాగితం మీద ఏర్పాట్లకు కొదవ లేదు. దాదాపు ప్రతి కళాశాలలోనూ ఆ పేరుతో ఒక ఫైలు ఉంటుంది, ఒక కమిటీ ఉంటుంది, నోటీసు బోర్డు మీద ఆ కమిటీ సభ్యుల పేర్లూ హోదాలూ ఉంటాయి. అయితే ఆపద వచ్చిన మొదటి పది నిమిషాల్లో అక్కడ ఉండేది వాచ్‌మన్, ల్యాబ్ అటెండర్, పక్క గదిలో చదువుకుంటున్న విద్యార్థి. ఎవరినీ అడగకుండా వాళ్లు ఏమేం చేయవచ్చో చెప్పే వాక్యం నేను చూసిన ఏ ఫైల్లోనూ లేదు. నేను తమను కోరబోయేది ప్రధానంగా ఆ ఒక్క వాక్యమే.

నేను వార్డెన్‌గా ఉన్న రోజుల్లో ఒక రాత్రి రెండు గంటల వేళ హాస్టల్ కింది అంతస్తులోని మీటర్ల గదిలోంచి పొగ రావడం మొదలైంది. మొదట చూసింది వాచ్‌మన్. ఆయన బెల్లు కొట్టలేదు, అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేయలేదు, నాకు చేశాడు. నేను చొక్కా తొడుక్కుంటూనే ప్రిన్సిపాల్ గారికి చేశాను. ఆయన ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఇక లాభం లేదని బెల్లు కొట్టమని చెప్పేటప్పటికి పొగ మెట్ల దారి పట్టి రెండో అంతస్తుకు చేరింది. నేను వెళ్లేసరికి వాచ్‌మన్ వెనక తలుపు దగ్గర నలభై తాళంచెవుల గుత్తి పట్టుకుని, టార్చి వెలుతురులో ఒక్కొక్కటే తాళంలో పెట్టి తిప్పి చూస్తున్నాడు. ఒక్కదానికీ చీటీ లేదు. తీరా తాళం వచ్చాక తలుపు జానెడే తెరుచుకుంది, ఎందుకంటే అవతల విరిగిన మంచాలు పేర్చి ఉన్నాయి. పిల్లలు ముఖాలకు తడి తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని ఆ పొగలోనే ముందు మెట్ల మీదుగా దిగారు. మెయిన్ స్విచ్ ఆపేశాక మంట పైకి లేవకుండానే చల్లారింది. ఎవరికీ ఏమీ కాలేదు. మరునాడు లెక్క చూసుకుంటే, పొగ కనబడిన క్షణం నుంచి మొదటి విద్యార్థిని నిద్ర లేపే దాకా పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ మేము ఒకరి మాట కోసం ఒకరం ఎదురుచూస్తూ గడిపినవే.

తప్పంతా వాచ్‌మన్‌ది అనడానికి నాకు నోరు రాదు. అంతకు కొన్ని నెలల ముందు, ఎవరో ఇస్త్రీ పెట్టె ఆపడం మరిచిపోతే వచ్చిన కమురు వాసనకు ఆయన బెల్లు కొట్టి హాస్టలంతా లేపాడు. పరీక్షల సమయం కావడంతో పెద్ద గొడవైంది. అనుమతి లేకుండా బెల్లు కొట్టినందుకు ఆయనకు మెమో ఇచ్చాం. ఆ మెమో కింద ఉన్న సంతకం నాది.

ఇది ఒక్క హాస్టల్ సంగతే అయితే తమ దాకా తెచ్చేవాణ్ణి కాదు. 2007 ఏప్రిల్ 16న అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఉదయం సుమారు 7.15కు ఒక హాస్టల్లో ఇద్దరిని కాల్చి చంపారు. విద్యార్థులకూ సిబ్బందికీ మొదటి హెచ్చరిక ఈమెయిల్‌గా వెళ్లింది 9.26కు. మరికొద్ది నిమిషాలకే అదే హంతకుడు తరగతులు జరుగుతున్న భవనంలో చొరబడి ఇంకో ముప్పై మందిని చంపాడు. ఆ రెండు గంటల జాప్యాన్ని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన సమీక్షా సంఘం నిశితంగా పరిశీలించింది. ప్రాంగణ పోలీసులు తమంతట తాము హెచ్చరిక పంపగలిగే ఏర్పాటే అక్కడ లేదని, సందేశం వెళ్లాలంటే ఉన్నతాధికారుల బృందం కూర్చుని నిర్ణయించవలసి ఉండేదని తేలింది. అంత పెద్ద విశ్వవిద్యాలయానికి డబ్బు కొరత లేదు, సాంకేతిక పరిజ్ఞానం కొరత అంతకన్నా లేదు. దరిమిలా 2008లో ఆ దేశం కళాశాల ప్రాంగణాల భద్రతకు సంబంధించిన తన క్లెరీ చట్టాన్ని సవరించి, ముప్పు నిజమేనని రూఢి అయిన వెంటనే హెచ్చరిక పంపాలని, ఆ ఏర్పాట్లను ఏటా పరీక్షించి చూడాలని కళాశాలలకు నియమం పెట్టింది.

కిందిస్థాయి వరకు అధికారం ఇస్తే ఉత్తుత్తి బెల్లులు పెరిగిపోతాయని తమ అధికారులు అనవచ్చు. ఆ భయం కొట్టిపారేయదగినది కాదు. న్యూజెర్సీలోని సెటన్ హాల్ విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆకతాయి చేష్టల వల్ల అలారం పదే పదే మోగుతూ ఉండేది. 2000 జనవరి 19 తెల్లవారుజామున నిజంగానే మంటలు లేచి అలారం మోగినప్పుడు, ఇదీ అలాంటిదేనని చాలామంది వెంటనే కదలలేదు. ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, యాభై మందికి పైగా గాయపడ్డారు. ఆ భవనంలో నీళ్లు వాటంతటవే చిమ్మే స్ప్రింక్లర్లు కూడా లేవు. ఆ రాష్ట్రం అదే ఏడాది విద్యార్థి వసతి గృహాలన్నింటికీ వాటిని చట్టంతో తప్పనిసరి చేసింది. ఈ సంఘటన విన్నవారిలో కొందరికి బెల్లుకు తాళం వేయాలనిపిస్తుంది. నాకు మాత్రం ఆకతాయినీ, అనుమానం వచ్చి బెల్లు కొట్టినవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదనిపిస్తుంది. మొదటివాడికి శిక్ష పడవలసిందే. రెండోవాడి అనుమానం తప్పని తేలినా మెచ్చుకోవాలి. అలారం ఎందుకు మోగిందో మరునాటి ఉదయానికల్లా అందరికీ చెబితే, తర్వాతిసారి మోగినప్పుడు మంచం దిగేవాళ్లు మిగులుతారు.

ఇక మాక్ డ్రిల్ అని పిలుచుకునే తంతు. సాధారణంగా ఇది ఏ శనివారమో మధ్యాహ్నం మైదానంలో జరుగుతుంది. ఇనుప తొట్టెలో డీజిల్ పోసి ముట్టిస్తారు, అగ్నిమాపక సిబ్బంది వచ్చి నురుగు కొట్టి ఆర్పుతారు, విద్యార్థులు చప్పట్లు కొడతారు, బ్యానర్ ముందు ఫొటో తీస్తారు, ఆ ఫొటో ఫైల్లోకి వెళుతుంది. ఆ రోజు ఎవరూ ఏ భవనమూ ఖాళీ చేయరు. దీనికి పూర్తిగా తలకిందులైన పొరపాటు కూడా ఉంది. 2015 ఏప్రిల్‌లో కెన్యాలోని గరిస్సాలో ఉగ్రవాదులు విశ్వవిద్యాలయ కళాశాల మీద దాడి చేసి 148 మందిని చంపారు. ఆ భయం ఇంకా ఆరకముందే, అదే ఏడాది నవంబరు 30న నైరోబీలోని స్ట్రాత్‌మోర్ విశ్వవిద్యాలయంలో చాలామందికి తెలియకుండా తుపాకుల మోతతో దాడి రిహార్సల్ జరిపారు. అంతా నిజమనుకుని జనం కిటికీల్లోంచి దూకారు. ఒక ఉద్యోగిని ప్రాణం పోయింది. తెలియకుండా భయపెట్టడం వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఉపయోగపడే డ్రిల్‌కు పెద్ద ఖర్చు ఉండదు. ఫలానా వారంలో ఒక రాత్రి హాస్టల్ ఖాళీ చేయిస్తామని ముందే చెప్పాలి. ఏ రోజు, ఏ గంట అన్నది చెప్పనక్కరలేదు. రెండు మెట్ల దారుల్లో ఒకదానికి తాడు కట్టి, అక్కడ పొగ ఉందనుకోమనాలి. అందరూ చేరవలసిన చోట గదులవారీగా లెక్క చూడాలి, ఎందుకంటే లోపల ఎవరైనా మిగిలారా అన్న ప్రశ్నకు అగ్నిమాపక సిబ్బంది రాగానే జవాబు కావాలి. ఊరికి వెళ్లినవాళ్ల పేర్లు రిజిస్టరులో లేకపోతే ఆ జవాబు దొరకదు, లేని మనిషి కోసం ఎవరో మంటల్లోకి వెళ్లవలసి వస్తుంది. తనిఖీకి వచ్చే బృందాలు డ్రిల్ జరిపారా అని అడిగి టిక్కు పెట్టుకునే బదులు, అందులో ఏమేం చెడిందో చూపించమని అడగాలని నా మనవి. అన్నీ సవ్యంగా జరిగాయని రాసిన నివేదికను నేనైతే నమ్మను. అలాంటివి నేనే రెండు రాశాను.

నా వృత్తి కాబట్టి ప్రయోగశాలల గురించి కొంచెం ఎక్కువగా చెప్పనివ్వండి. 2008 డిసెంబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇరవై మూడేళ్ల పరిశోధక సహాయకురాలు గాలి తగిలితే అంటుకునే టెర్షియరీ బ్యూటైల్ లిథియంను సిరంజిలోకి తీస్తుండగా పిస్టన్ ఊడివచ్చింది. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు. ఒంటి మీద ఉన్న సింథటిక్ స్వెటర్ అంటుకుంది. గదిలో అత్యవసర షవర్ ఉన్నా ఆ కంగారులో దాన్ని వాడలేదు. కాలిన గాయాలతో ఆమె పద్దెనిమిది రోజులకు చనిపోయింది. ఇది చదివిన రోజున నేను మా ల్యాబులోని షవర్ దగ్గరకు వెళ్లాను. దాని కింద పాత రికార్డు పుస్తకాల బీరువా ఉంది. బీరువా జరిపించి గొలుసు లాగితే ముందు ఏమీ రాలేదు, తర్వాత దగ్గినట్టు చప్పుడు చేసి అర చెంబు తుప్పు నీళ్లు వదిలింది. ఆమ్లం కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీటితో కడగాలని ప్రతి ఏడాదీ మొదటి తరగతిలో చెప్పేవాణ్ణి. ఆ పదిహేను నిమిషాల నీళ్లు ఎక్కడివని నన్ను నేను ఎప్పుడూ ప్రశ్నించుకోలేదు. సోడియం అంటుకుంటే నీళ్లు పోయకూడదని మా విద్యార్థులు పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. గోడకు తగిలించిన మంటలార్పే సిలిండర్లలో ఏది కరెంటు మంటకు, ఏది కాగితం మంటకు అని అడిగితే బోధించే మాలోనే సగం మంది దగ్గరకు వెళ్లి చీటీ చదువుతాం. సిలిండర్ మీద ఒత్తిడి చూపే ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో నెలకొకసారి చూసి, చీటీ మీద తేదీ వేసే పని ఒక మనిషికి అప్పగించాలి. కమిటీకి అప్పగిస్తే ఎవరూ చూడరు.

అన్ని ఆపదలూ పొగతో రావు. మైదానంలో పరుగెడుతూ కుప్పకూలిన కుర్రవాడి గుండె ఆగిపోతే, ఛాతీ నొక్కడం, ఏఈడీ యంత్రంతో షాక్ ఇవ్వడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా మొదటి నాలుగైదు నిమిషాలు పక్కనున్నవాళ్లవే. నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కడం ఒక పూటలో నేర్పవచ్చు. ఏఈడీ కొన్న చోట్ల కూడా అది పోతుందేమోనన్న భయంతో కార్యాలయపు బీరువాలో తాళం వేసి ఉంచితే, సాయంత్రం అయిదు దాటి కార్యాలయం మూసాక అది లేనట్టే లెక్క.

ఉత్సవాల రోజు జనం తొక్కిసలాట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2023 నవంబరు 25న కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో సంగీత కార్యక్రమానికి ముందు వాన పడటంతో జనం ఒక్కసారిగా ప్రేక్షకాగారం ద్వారం వైపు తోసుకువచ్చారు. నిటారు మెట్ల మీద పడి నలుగురు చనిపోయారు. గేట్ల దగ్గర నిలబడే విద్యార్థి వాలంటీరుకు రెండో గేటు తెరిపించే అధికారం, కార్యక్రమం ఆపించే అధికారం ఉండాలి. వేదిక మీద ఎంత పెద్దవారు కూర్చున్నా సరే.

లిఫ్టు ఆగిపోయిన భవనంలో మూడో అంతస్తు నుంచి చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థి ఎలా దిగాలన్నది మా ప్రణాళికలో ఎక్కడా లేదు. అలారం వినపడని విద్యార్థినికి ఎవరు చెప్పాలన్నదీ లేదు. ఈ విషయాలు వాళ్లనే అడిగి, వాళ్ల సమక్షంలోనే నిర్ణయించాలి. వాళ్ల తరగతులు కింది అంతస్తుకు మార్చడంతోనే సగం సమస్య తీరవచ్చు.

కాబట్టి తమరు జారీ చేసే ఉత్తర్వు పొడవుగా ఉండనవసరం లేదు. ప్రాణాపాయం ఉందని నిజాయితీగా అనుమానించిన ఎవరైనా, హోదాతో పని లేకుండా, బెల్లు కొట్టవచ్చు, అగ్నిమాపక కేంద్రాన్ని, అంబులెన్సును, పోలీసులను నేరుగా పిలవవచ్చు, తాళం పగలగొట్టవచ్చు, తరగతిని, పరీక్షను, కార్యక్రమాన్ని ఆపవచ్చు. పై అధికారికి తర్వాత చెబితే చాలు. ఆ అనుమానం తప్పని తేలినా ఏ చర్యా ఉండదు. ఇంతవరకు ఒక పేరా. మనుషులు నిద్రించే, చదివే భవనాల అత్యవసర ద్వారాలు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునేలా మార్చడానికి గడువు, నిధులు చెప్పే పేరా ఇంకొకటి. పరీక్ష హాల్లో విద్యార్థులు బయటకు పోతే ప్రశ్నపత్రం ఏమవుతుందన్న సందేహం తప్పక వస్తుంది కనుక, ఆ పరీక్ష మళ్లీ పెట్టవచ్చునని కూడా అందులోనే రాయమని కోరుతున్నాను.

ఆ ఉత్తర్వు ప్రతి ప్రిన్సిపాల్ గారి బల్ల మీదకు ఎలాగూ చేరుతుంది. ఇంకొక ప్రతి పెద్ద అక్షరాల్లో, వాచ్‌మన్ చదువుకునే భాషలో, ఆయన కుర్చీ ఎదుటి గోడకు, కరెంటు పోయినా వెలిగే దీపం కింద అంటించాలని చివరి వాక్యంగా చేర్చండి. మా హాస్టల్లో ఆ గోడ మీద ఇప్పుడు సెలవుల జాబితా ఉంది. దాన్ని పక్కకు జరుపుకుంటాం.

భవదీయుడు,
ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు, పూర్వపు హాస్టల్ వార్డెన్