పులికాట్‌కు వెళ్లే ముందు పిల్లలు చూసే వీడియోల గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ చలికాలంలో ఐదు, ఆరు తరగతుల పిల్లలను నెల్లూరు నుంచి పులికాట్ సరస్సుకు, నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకువెళ్తున్నాము. ఆ లోగా వారు ఇంట్లో చూసే వీడియోల విషయమై మీతో కొంత చెప్పవలసి ఉంది.

తరగతిలో ఫ్లెమింగో బొమ్మ వేయమంటే దాదాపు అందరూ ముదురు గులాబీ రంగు పులిమారు. కార్టూన్లలో కనిపించేది ఎక్కువగా అమెరికా ఖండాల ఫ్లెమింగో రంగు. పులికాట్‌లో ఎక్కువగా కనిపించే జాతి దూరానికి తెల్లగానే ఉంటుంది. రెక్కలు విప్పినప్పుడే వాటిలోని ఎరుపూ నలుపూ బయటపడతాయి. పిల్లపక్షులైతే బూడిద రంగులో ఉండి, తినే నాచులోనూ సన్నటి రొయ్యల వంటి జీవుల్లోనూ ఉండే వర్ణకాల వల్ల ఏళ్లు గడిచేకొద్దీ రంగు తేలుతాయి. వీడియోలో చూసిన రంగు లేదని పిల్లలు సరస్సు గట్టున ఉసూరుమనకుండా ఉండాలంటే, ఆ దృశ్యం ఎక్కడ తీసినది, రంగు పెంచారా, అసలు కంప్యూటర్‌లో తయారైనదా అని అడిగే అలవాటు ముందే ఉండాలి.

కొండచిలువ బారి నుంచి కుక్కపిల్లను కాపాడే వీడియోలు మరీ బాధాకరం. వాటిలో కొన్నింటిని వీక్షణల కోసం ఆ మూగజీవాలను కావాలనే ప్రమాదంలో పెట్టి తీస్తారు. కెమెరా అక్కడ ముందే ఎందుకు సిద్ధంగా ఉందని పిల్లలను అడిగి చూడండి. అలాగే మన రాష్ట్ర పక్షి 2018 నుంచి రామచిలుక అయినా, పాలపిట్ట అని చెప్పే పాత క్విజ్ వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. (ఇటువంటివి పంచుకోవడంలో పెద్దల వాట్సాప్ గ్రూపులూ తక్కువ తినలేదు.)

ఫోన్ లాక్కోమని నేను అనను. హోరెత్తే పాట లేకుండా, ఒకే పక్షిని నిదానంగా చూపి దాని కూత వినిపించే వీడియో ఎంతో మేలు. అది చూసిన పిల్లవాడు డాబా ఎక్కి గోరింకల కోసం వెతికితే ఆ వీడియో మంచిదేనని నా లెక్క. కూతను బట్టి పక్షి పేరు సూచించే మెర్లిన్ యాప్ వాడినా, పక్షిని కంటితో చూశాకే పేరు రాసుకోమనండి.

ప్రయాణానికి ముందు మీ బిడ్డతో కలిసి ఏదైనా ఒక పక్షి వీడియో చూసి, దాన్ని ఎవరు, ఎక్కడ, ఎందుకు తీశారో నోటుపుస్తకంలో రాయించండి. తెలియకపోతే తెలియలేదనే రాయించండి. ఎదుటి పేజీ ఖాళీగా ఉంచాలి. సరస్సు దగ్గర చూసినవి అందులో రాసుకుంటారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు