డ్రోన్ సంగతులు చెప్పిన పెద్దాయనకు థ్యాంక్స్

పేరైనా అడగలేకపోయాను గానీ, అడవి అంచున నా పక్కన నిలబడి శరదృతువు రంగుల్ని డ్రోన్‌తో ఎలా తీయాలో ఓపిగ్గా చెప్పిన పెద్దాయన గారూ, మీకు చాలా చాలా థ్యాంక్స్ అండీ. రోజంతా చెట్ల మధ్య తిరిగాక అదే అడవిని పైనుంచి చూడాలనిపించింది, అంతే. వైట్ బ్యాలెన్స్ (వెలుగుకి తగ్గట్టు ఫోటో రంగుల్ని సరిచేసే సెట్టింగ్) ఆటోలో వద్దు, 5500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) దగ్గర పెట్టేయండి, లేకపోతే ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కో రంగు వస్తుందన్నారు. మనిద్దరిదీ ఒకే మోడల్ డ్రోన్ కావడంతో మీ పోలరైజర్ ఫిల్టర్ తీసి నా కెమెరాకి తగిలించారు చూడండి, ఆకుల మీది తెల్లటి మెరుపు పోయి అసలు ఎరుపు బయటపడేసరికి నాకు నోట మాట రాలేదు! (డ్రోన్ తిరిగే కొద్దీ ఆ ఎఫెక్ట్ మారుతుందని కూడా మీరు చెప్తేనే తెలిసింది.) పొద్దు వాలుతుండగా ఎగరేయమన్నారు, ఆ ఏటవాలు వెలుగులో ఒక్కో చెట్టు నీడ విడివిడిగా పరుచుకుంది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి జేబులో వెచ్చగా ఉంచుకోమనడం, రిటర్న్ టు హోమ్ (డ్రోన్ తనంతట తానే బయల్దేరిన చోటికి తిరిగి రావడం) ఎత్తు చెట్ల కొసల కన్నా బాగా పైన పెట్టమనడం, ఇవన్నీ కొత్తవాళ్లకి ఇంత ఓపిగ్గా ఎవరు చెప్తారండీ? ఫిల్టర్ అక్కడే తిరిగిచ్చాను గానీ ఫోటోలు పంపడానికి మీ నంబర్ లేదు. ఇది మీ కంటపడితే ఒక్క మాట రాయండి, రా (RAW) ఫైల్స్‌తో, అంటే కెమెరా తీసిన అసలు ఫైల్స్‌తో సహా అన్నీ పంపిస్తాను.