మాడు మీది గడ్డను కోసే ముందు కొట్టం సంగతి అడగాలి

సంపాదకులకు,

ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను, ఇటీవల మా ఊళ్లో ఒక పసివాడు పడిన బాధ చూసి ఈ లేఖ రాస్తున్నాను. ఎనిమిదేళ్ల ఆ బాలుడి మాడు మీద చీము కారుతూ మెత్తని గడ్డ లేస్తే, దాన్ని సెగగడ్డ అనుకుని ఒక ఆసుపత్రిలో కోసి, మూడు వారాలు యాంటీబయాటిక్ మందులు వాడించారు. ఇంట్లో పశువులున్నాయా అని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ల కొట్టంలోని దూడకు కళ్ల చుట్టూ, మెడ మీద బూడిద రంగు పెచ్చులు కట్టి ఉన్నాయి. వాడు రోజూ దాని మెడ పట్టుకుని ఆడుకునేవాడు.

దూడలకు తామర తెచ్చే ట్రైకోఫైటాన్ వెర్రుకోసమ్ అనే శిలీంధ్రం మనుషులకు అంటుకున్నప్పుడు, మనకు తెలిసిన గుండ్రటి తామరలా కాక, పిల్లల మాడు మీద, పెద్దల గడ్డంలో, ముంజేతుల మీద వాపుతో, చీముతో కనబడుతుంది కనుకనే వైద్యులు సైతం పొరబడుతుంటారు. నిజానికి దీన్ని గుర్తించడానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. పుండు అంచున గీకిన పొట్టును, మొదలంటా పీకిన రెండు మూడు వెంట్రుకలను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కాసేపు ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తే, శిలీంధ్రపు పోగులు, వెంట్రుకను చుట్టుకున్న బీజాలు కనిపిస్తాయి. చీమును మాత్రమే పరీక్షకు పంపితే అవి దొరకకపోవచ్చు. వుడ్స్ దీపం (చర్మ పరీక్షకు వాడే అతినీలలోహిత దీపం) కింద మెరవలేదు కాబట్టి తామర కాదనడం కూడా తప్పే, ఎందుకంటే మనుషుల్లో ఈ రకం సాధారణంగా మెరవదు. కల్చర్‌లోనూ, అంటే ప్రయోగశాలలో పెంచి చూసినా, ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. థయామిన్ (విటమిన్ బి1) కలిపిన పోషక మాధ్యమంలో, 37 డిగ్రీల వేడిలో, నాలుగు వారాల దాకా ఓపిక పట్టాలి.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిపిన పూతలు దురదను తగ్గించి, తామర రూపాన్నే మార్చేస్తాయి; ఆ తరువాత చూసే వైద్యుడికి రోగం పోల్చుకోవడం మరింత కష్టం.

ఆ బాలుడికి చివరకు చర్మవైద్యురాలు నోటి మాత్రలు ఇవ్వగా గడ్డ మానింది గాని, మచ్చ పడిన చోట జుట్టు తిరిగి రాలేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ చిన్న పరీక్షకు వీలు కల్పించాలని, దూడకు తామర ఉన్నట్టు గమనించిన పశువైద్యుడు ఆ ఇంటివారికి ఒక చీటీ మీద ఆ మాట రాసిచ్చే పద్ధతి మొదలుపెట్టాలని సంబంధిత శాఖలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత పశువైద్యుడు, కడప జిల్లా