ప్రతినాయకుడి బాధను చెప్పడం అతణ్ని వెనకేసుకురావడం కాదు

సంపాదకులకు నమస్కారం.

స్టార్ వార్స్ చిత్రాల ప్రతినాయకుడు డార్త్ వేడర్ కథగా జేమ్స్ లూసినో 2005లో రాసిన ‘డార్క్ లార్డ్: ద రైజ్ ఆఫ్ డార్త్ వేడర్’ నవలపై మీ ఆదివారం పుస్తకాల పేజీలో వచ్చిన పాఠకుల అభిప్రాయాలన్నీ శ్రద్ధగా చదివాను. సినిమాలకు అనుబంధంగా వెలువడే నవలలకు సాహిత్య పేజీల్లో చోటు దొరకడమే అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే తెరమీద అంత భయంకరంగా నిలిచిన పాత్రను ఈ నవల బలహీనుడిగా, జాలిపడదగినవాడిగా చూపి చెడగొట్టిందని ఎక్కువమంది రాసిన మాట నాకు న్యాయంగా తోచలేదు. దానికి సమాధానం చెప్పాలనే ఈ ఉత్తరం.

అదే ఏడాది విడుదలైన ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’ చిత్రం చివర్లో, కాళ్లు, చేయి తెగి ఒళ్లంతా కాలిపోయిన అనాకిన్ స్కైవాకర్‌కు నల్లని కవచం తొడుగుతారు; అతడే డార్త్ వేడర్. భార్య పద్మే ఏమైందని అతడు అడిగే మొదటి ప్రశ్నకు ఆమె చనిపోయిందని చక్రవర్తి పాల్పటీన్ చెప్పే జవాబుతో అతడి బతుకు కూలిపోతుంది. నవల ఆ తరువాతి రోజుల కథ. కవచంలో నిలబడటం, నడవడం, చూడటం, కత్తి తిప్పడం అన్నీ అతడు మళ్లీ నేర్చుకోవాలి. కాళ్లు తనవి కావు, గొంతు తనది కాదు, ఊపిరి కూడా యంత్రం ఆడించినట్టే ఆడుతుంది. ఒకప్పుడు జెడైలలో, అంటే ఆ కథల్లో మంచివైపు నిలిచే యోధుల్లో, సాటిలేనివాడన్న పేరు పొందిన మనిషి తన ఒంటినే తాను అసహ్యించుకుంటూ, ఆ అసహ్యాన్ని క్రోధంగా మార్చుకుని, ఆ క్రోధంతోనే బలం కూడగట్టుకునే క్రమం ఇందులో ఉంది. దీన్ని బలహీనత అనుకునేవారు ఆ బలం ఎవరి మీద విరుచుకుపడిందో కూడా చూడాలి. నవల అతడి నొప్పిని చెప్పింది కానీ అతడు చేసిన హత్యల్లో ఒక్కదాన్నీ మాఫీ చేయలేదు.

మన వరంగల్ ప్రాంతపు పాఠకులకు ఇది కొత్త విషయం కానే కాదు. పాలకుర్తి దగ్గరి బమ్మెర పోతన్న భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుణ్ని ఒకసారి గుర్తు చేసుకోండి. తమ్ముడు హిరణ్యాక్షుడు హతుడైనప్పుడు తల్లి దితినీ, తమ్ముడి భార్యనూ ఓదారుస్తూ అతడు సుయజ్ఞుడనే రాజు కథ చెప్పి, దేహం నిలిచేది కాదనీ, ఆత్మకు చావు లేదనీ బోధిస్తాడు. ఆ మాటలు ఒక రాక్షసుడివని తెలియకుండా వింటే ఏ జ్ఞానివో అనుకుంటాం. అంతటి వేదాంతం చెప్పిన నోటితోనే లోకాన్ని హింసించమని తనవారికి ఆజ్ఞ ఇచ్చాడు. దేహం నిలవదని తల్లికి చెప్పినవాడే తన దేహానికి చావు లేకుండా చేసుకోవాలని మందరగిరికి తపస్సుకు పోయాడు. పోతన్న అతడి దుఃఖాన్ని దాచలేదు, జ్ఞానాన్నీ దాచలేదు. అన్నీ తెలిసి కూడా అతడు ఆ దారినే పోయాడు కాబట్టే ఆ పాత్ర మనల్ని ఇంతగా కలవరపెడుతుంది.

వేడర్ పతనానికి కూడా మూలం చావు భయమే. అనాకిన్ భయపడింది తన చావుకు కాదు, పద్మే చావుకు. ఆమెను బతికించుకునే శక్తి దొరుకుతుందన్న ఆశతోనే అతడు చీకటివైపు, అంటే చెడు శక్తుల పక్షానికి వెళ్లి, చివరకు ఆమెనూ పోగొట్టుకుని, పూర్తిగా బతికినవాడూ కాని, చచ్చినవాడూ కాని స్థితిలో ఆ కవచంలో మిగిలిపోయాడు. ఈ నవలలో నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ స్థితి. దాన్ని తీసేసి ఎర్రకత్తి పోరాటాలు మాత్రమే ఉంచమని అడగడమంటే, హిరణ్యకశిపుడి కథలో స్తంభం పగిలిన ఘట్టం ఒక్కటే చాలనడం వంటిదే.

వేడర్ చావడని ముందే తెలుసు కనుక ఉత్కంఠ లేదని మరికొందరు రాశారు. మన ఊళ్లలో ప్రహ్లాద చరిత్రను యక్షగానంగా ఆడితే తెల్లవార్లూ కూర్చుని చూసినవారిలో ముగింపు తెలియనివారు ఎవరు? తెలిసిన ముగింపు దాకా ఏ దారిన తీసుకుపోతారన్నదే అక్కడ ఆసక్తి, ఇక్కడా అంతే. వేడర్ పేరు పెట్టిన పుస్తకంలో రోన్ ష్రైన్ అనే జెడై కథ మరీ ఎక్కువ చోటు ఆక్రమించిందన్న ఫిర్యాదును మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ముర్ఖానా గ్రహం మీద కొందరు క్లోన్ సైనికులు (ఒకే మనిషికి నకళ్లుగా తయారైనవారు) జెడైలను చంపమన్న ఆజ్ఞను ధిక్కరించే ఆరంభ ఘట్టం గొప్పగా ఉంది కానీ, మధ్యలో దొంగరవాణాదారుల ప్రయాణాలు కథను బాగా నెమ్మదింపజేశాయి.

ఇక 2014లో స్టార్ వార్స్ చిత్రాల నిర్మాణ సంస్థ లూకాస్‌ఫిల్మ్ ఇటువంటి పాత అనుబంధ నవలలను ‘లెజెండ్స్’ అని వేరుచేసి, కొత్త చిత్రాలు వాటికి కట్టుబడి ఉండవని ప్రకటించింది కనుక ఈ నవలకు ఇప్పుడు విలువ లేదన్న వాదన ఒకటి కనిపించింది. హక్కులున్న సంస్థ తన కథల వరుసను ఎలాగైనా సర్దుకోవచ్చు, అది దాని వ్యాపారం. ఒక రచయిత ఒక మనిషి లోపలి నరకాన్ని ఎంత నిజాయితీగా రాశాడో తేల్చే అధికారం మాత్రం చదివినవాళ్లది. ఆ అధికారాన్ని మన పాఠకులే ఒక ప్రకటనకు వదులుకోవడం నాకు బాధ కలిగించింది.

సంపాదకులకు ఒక విన్నపం. ఇటువంటి పుస్తకాలపై ఇకముందు అభిప్రాయాలు కోరినప్పుడు బాగుంది, బాగాలేదు అన్న రెండు వాక్యాలతో సరిపెట్టకుండా, ఏ ఘట్టం వల్ల ఆ అభిప్రాయం కలిగిందో రాయమని అడగండి. వరంగల్, కరీంనగర్ కళాశాలల్లో ఈ నవలలను ఆసక్తిగా చదివే విద్యార్థులకు తెలుగులో సమీక్ష రాసే అవకాశం ఇవ్వండి. అవసరమైతే వారానికి ఒకే ఉత్తరం వేసినా సరే, దాన్ని కత్తిరించకుండా పూర్తిగా ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ