చెరుకు తోటలో కిమోనో

ఒసేయ్ లక్ష్మీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, ఈపాటికి తిట్టుకునే ఉంటావు. కథ ఒకటి మొదలుపెట్టి అందులో ఇరుక్కుపోయానే! హవాయి చెరుకు తోటలకు కాపురానికెళ్లిన జపాన్ అమ్మాయి కథ.

1908 నుంచి 1924 దాకా అలా వేలమంది వెళ్లారు. ఫొటో చూసి సంబంధం ఖాయం చేసుకోవడం మనకేం కొత్త కాదు గానీ, వీళ్లకు పెళ్లి కూడా వరుడు లేకుండానే అయిపోయేది. అతను సముద్రం అవతల. జపాన్‌లో అతని కుటుంబ రిజిస్టర్లో పిల్ల పేరు ఎక్కిస్తే చాలు. కూలీలను పంపడం ఆపేస్తామని 1907-08లో జపాన్ అమెరికాకు మాటిచ్చింది, భార్యలకు మాత్రం అడ్డు లేదు. తీరా ఓడ దిగాక చూస్తే, కొందరు మొగుళ్లు ఫొటో కంటే పదేళ్లు పెద్ద! స్నేహితుడి ఫొటో పంపిన ఘనులూ ఉన్నారు.

సరే, నా తిప్పలు విను. మొదటిసారి రాసినప్పుడు ఆ అమ్మాయి కిమోనోని పెట్టెలో దాచుకుని, రాత్రిళ్లు తీసి చూసుకుని ఏడ్చేది. రాస్తూ నేనూ ఏడ్చాను. తీరా తెలిసిందేమిటంటే, పుట్టింటి నుంచి తెచ్చుకున్న కసూరి కిమోనోలను కత్తిరించి తోటపనికి చొక్కాలు కుట్టుకున్నారట! కసూరి అంటే మన పోచంపల్లిలాగే, దారానికి ముందే రంగులేసి నేసే బట్ట. చెరుకాకు చేతులు కోసేస్తుంది మరి. మిరపకోతకెళ్తూ చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కునేవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని, నాకే తట్టలేదు చూడు. ఆ ఏడుపు పేజీలు చించేశాను.

తోటలో వాళ్లకు పేరు బదులు నంబరు బిళ్ల, దాన్ని ‘బాంగో’ అనేవాళ్లు. కూలి మగవాళ్ల కంటే తక్కువ. చెరుకుకి ఎండాకు ఒలుస్తూ పాడుకున్న పాటలు ‘హోలెహోలె బుషి’. హోలెహోలె హవాయి మాట, బుషి జపాన్ మాట. పాట పేరు కూడా అతుకు బట్టే!

ఇప్పుడు ఒక్కచోట ఆగిపోయాను. నా కథలో పిల్ల కత్తెర పట్టుకుంది, కిమోనో మీద ఇంకా వెయ్యలేదు. మీ అమ్మ తన పెళ్లిచీర కోసి నీ కొడుక్కి బొంత కుట్టింది కదా, ఆరోజు ఆవిడ ముఖం ఎలా ఉందో గుర్తుంటే రాయవే.

నీ
సుబ్బులు