మన 401కె రిటైర్‌మెంట్ ప్లాన్ ఫీజుల మీద కంప్లైంట్

హెచ్‌ఆర్, బెనిఫిట్స్ టీమ్ వాళ్ళకి,

నమస్తే అండి. ఆఫీసులో ఓనర్ గారి దగ్గర్నుంచి అందరం తెలుగువాళ్ళమే కాబట్టి తెలుగులో రాస్తున్నా, కానీ దీన్ని ఫార్మల్ కంప్లైంట్‌గానే తీసుకోండి.

ఈ ఏడాది మీరు పంపిన ఫీజుల నోటీసు మొత్తం చదివాను. ఏమీ ఎంచుకోకపోతే డబ్బు వెళ్ళిపోయే టార్గెట్ డేట్ ఫండ్‌కి (రిటైరయ్యే ఏడాదిని బట్టి పెట్టుబడులు సర్దే ఫండ్) 0.95 శాతం, అది కాక రికార్డ్‌కీపింగ్ అని, అంటే అకౌంట్ల లెక్కలు చూసినందుకు, బ్యాలెన్స్ మీద ఇంకో 0.50. మార్కెట్ పడినా లేచినా దాదాపు ఒకటిన్నర శాతం ఏటా పోతూనే ఉంటుంది. ఇదేమంత పెద్ద తేడా అంటారేమో, అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇచ్చిన లెక్కే చూడండి, 25,000 డాలర్లు 35 ఏళ్ళు 7 శాతం చొప్పున పెరిగితే, ఫీజు అర శాతమైనప్పుడు 2,27,000 అవుతుంది, ఒకటిన్నర అయితే 1,63,000 దగ్గరే ఆగిపోతుంది.

రికార్డ్‌కీపింగ్ సంగతి అసలు అర్థం కాలేదు. 20,000 ఉన్నవాళ్ళకి ఏడాదికి 100 డాలర్లు, 2 లక్షలు ఉన్నవాళ్ళకి 1,000, ఇద్దరికీ వచ్చేది అదే స్టేట్‌మెంటు, అదే వెబ్‌సైటు, మరి తలకింత అని ఎందుకు పెట్టరు? వీసా అయిపోయి ఇండియా వెళ్ళిపోయిన మనవాళ్ళ అకౌంట్లు చాలా ఇక్కడే ఉన్నాయి, వాటిల్లోంచి కూడా కట్ అవుతూనే ఉంది, వాళ్ళ తరఫున అడిగేవాళ్ళే లేరు, నాకు ఎక్కువ బాధ అక్కడే.

ఫోన్ చేస్తే "మెనూలో చవక ఇండెక్స్ ఫండ్ కూడా ఉంది కదండీ, అది తీసుకోండి" అన్నారు. ఆ సమాధానం సరిపోదని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఉద్యోగుల రిటైర్‌మెంట్ ప్లాన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు 2022లోనే చెప్పింది. ఒకసారి ఫండ్ పెట్టేసి వదిలేయకూడదు, చూసుకుంటూ ఉండాలని 2015లో ఎడిసన్ కంపెనీ కేసులోనూ చెప్పింది. అన్నిటికంటే చవకది పెట్టమని ఇలాంటి ప్లాన్లకి రూల్స్ పెట్టిన 1974 నాటి ఎరీసా చట్టం అనట్లేదు, నేనూ అనట్లేదు, ఫీజు న్యాయంగా ఉందో లేదో మీరు చూశారా అని అడుగుతున్నా.

వేరే ప్రొవైడర్ల రేట్లతో చివరిసారి ఎప్పుడు పోల్చి చూశారు? ఇదే ఫండ్‌లో తక్కువ ఖర్చు షేర్ క్లాస్ (అదే ఫండ్‌ని తక్కువ ఫీజుకి ఇచ్చే రకం) మనకి ఎందుకు రాలేదు? ఈ ప్లాన్ అమ్మిన అడ్వైజర్‌కి మన ఫీజుల్లోంచి ఎంత వెళ్తోంది? ప్లాన్ డాక్యుమెంటు, లేటెస్ట్ ఫామ్ 5500 (ప్లాన్ గురించి ఏటా ప్రభుత్వానికి ఇచ్చే రిపోర్టు) కూడా పంపండి, రాసి అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలని రూలే ఉంది. ఆలోపు రాకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటి ప్లాన్లు చూసే విభాగం ఈబీఎస్‌ఏకి ఇదే లెటర్ ఇంగ్లీషులో రాసి పంపుతాను.

ఇట్లు,
ప్లాన్‌లో ఉన్న మీ ఉద్యోగి