గోడ మందం ఒక్కటే చాలదు

ఎడిటర్ గారికి,

ప్రతి డిసెంబరులో లంబసింగి చలి ఫోటోలు వేస్తున్నారు. ఆ చలిలో ఇల్లెలా కట్టాలో కూడా ఒకసారి వెయ్యండి.

విశాఖలో 30 ఏళ్లు సైట్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. చింతపల్లి దగ్గర మా అత్తయ్యకి ఇల్లు కట్టించాను. చలి ఆగాలని 18 అంగుళాల మట్టి ఇటుక గోడ పెట్టించాను. మొదటి చలికాలం తెల్లవారుజామున చూద్దును కదా, ఆవిడ గోనెసంచులు రెండు మడిచి, వాటి మీద కాళ్లు పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు. "గోడలు బాగానే ఉన్నాయి బాబూ, కాళ్లే పట్టేస్తున్నాయి" అన్నారు. వంగి చెయ్యి పెట్టి చూశాను. గోడ, గచ్చు కలిసే చోట జానెడు వెడల్పున చల్లగా, తడిగా తగిలింది. అంత మందం గోడ కట్టి, దాని కింద ప్లింత్ బీముకు, అంటే గోడ అడుగున నేల మట్టంలో వేసే కాంక్రీటు దూలానికి, చలి ఆపే పొరేదీ పెట్టకుండా వదిలేశాను. ఇంట్లో వేడి ఆ కాంక్రీటులోంచి బయటికి పోతోంది.

మా అమ్మాయి ఉండే విన్నిపెగ్‌లో చలికాలం నేల ఆరడుగుల దాకా గడ్డకడుతుంది. మట్టిలో నీరు గడ్డకట్టి, కింది తేమను కూడా లాక్కుని మంచు పొరలుగా పేరుకుంటే పునాదినే పైకి లేపేస్తుంది. అందుకే అక్కడ పునాది అంతకంటే లోతుకి దింపుతారు. స్కాండినేవియా దేశాల్లో చాలా ఇళ్లకు తక్కువ లోతులోనే వేసి, చుట్టూ గట్టి ఫోము పలకలు నిలువుగా పెట్టి, బయటివైపు మట్టి కింద అడ్డంగా కూడా పరుస్తారు. ఇంటి వేడి, భూమి వేడి అక్కడే నిలిచి, పునాది కింద నేల గడ్డకట్టదు.

మన కొండల్లో నేల గడ్డకట్టదు. ఆ లోతూ ఆ ఖర్చూ మనకు అక్కర్లేదు, ప్లింత్ అంచున ఫోము పలక ఒక్కటి చాలు. ప్యాకింగులో వచ్చే తెల్ల థర్మాకోల్ పెట్టకండి, నీరు పీలుస్తుంది. ఎక్స్‌పీఎస్ అనే, నీరు అంతగా పీల్చని గట్టి ఫోము పలక కొనండి. ఊక పోద్దామని మేస్త్రీలు అంటారు, అది తడిస్తే కుళ్లుతుంది. అన్నిటికంటే నాకు టెన్షన్ చెదలతోనే. ఫోమును తొలుచుకుంటూ మన కంటికి కనపడకుండా గుమ్మాల దాకా వచ్చేస్తాయి. ముందుగా మందు కొట్టించాలి, పలక పైఅంచున జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) వంచి బిగించాలి. విదేశీ డ్రాయింగును ఉన్నదున్నట్టు దించితే దెబ్బతినేది ఇక్కడే.

అరకు, పాడేరు వైపు ఇళ్లు, కాటేజీలు కట్టేవాళ్లు గచ్చు వెయ్యకముందే ఇది చూసుకోవాలి. వేశాక గచ్చు కింద చేయగలిగేది ఏమీ ఉండదు, బయట తవ్వుకోవాల్సిందే. ఈ వేసవిలో మా అత్తయ్య ఇంటి చుట్టూ రెండడుగులు తవ్వించి పలక పెట్టిస్తున్నాను. ఆ పని చూడాలనుకునే మేస్త్రీలు ఎవరైనా రావచ్చు.

— రిటైర్డ్ సైట్ ఇంజినీరు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం